నున్నటి మైనం

పోయిన వారం బ్రూన్యాను వంటింట్లో, చేతిలో ఇంటి ఊచతో వదిలిపెట్టాం. ఆమె భర్త హార్దన్ పుచ్చిన దుంగలు మార్చడానికి పదకొండో సొరంగంలోకి వెళ్ళాడు. వెనకాల పైకప్పు కూలింది. తొమ్మిది దీపాలు ఒకదాని తర్వాత ఒకటి ఆరిపోయేదాకా, అంటే మూడు రోజులు, వాళ్ళ వీధి రాగి వరస మగవాళ్ళు తవ్వారు. ఆ తొమ్మిది దీపాలూ అత్తగారు ఒస్కెల్దా వంటింటి వెనకగోడలోని చిల్లులో ఊచ దూర్చి, దాని చివర నోట్లో పెట్టుకుని, కొండలోంచి కొడుకు దెబ్బ వస్తుందేమోనని కూర్చుంది. తొమ్మిదో దీపం ఆరాక లేచి, అందరి ముందూ "రాయి మూగది" అంది. గునపాలు దిగిపోయాయి. ఆమే ఉలి పట్టుకుని కొడుకు పేరు ఇంటిగోడ మీద చెక్కింది. వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళే వెళ్ళిపోయారు. ఇక తూము తెరవడం ఒక్కటే మిగిలింది. చట్టం ప్రకారం పదో దీపం సగానికి తగ్గగానే పదకొండో సొరంగంలోకి నీళ్ళు వదిలి దాన్ని సమాధి చేస్తారు.

పేరు చెక్కడం అయ్యాక ఊచను పులిసిన బార్లీ నీళ్ళతో కడిగి గుడ్డలో చుట్టడం కోడలి పని. బ్రూన్యా ఆ పనే చేయబోయింది. ఊచ చివర బెత్తెడు మేర పూసిన మైనం మీద ఆమె వేలు ఆగిపోయింది.

మైనం నున్నగా ఉంది.

పుట్టింట్లో తల్లి ఊచను కడిగింది ఆమే. మూడు దీపాలు కూర్చుంటేనే మైనం మీద పంటిగాట్లు ఇనుము కనబడేంత లోతుగా పడేవి. దవడ బిగించి కరిస్తేనే కొండ మాట ఎముకలోకి ఎక్కుతుంది. కొలిమి దగ్గర పుట్టి కొలిమి దగ్గర పెరిగే వాళ్ళకి చెవులు ముప్ఫయ్యేళ్ళకే పోతాయి. కొండ లోపలి ఈ దోర్నమ్‌ నగరంలో రాయిని వినేది పళ్ళతోనే. తొమ్మిది దీపాలు కూర్చున్న ఊచ మీద ఒక్క గాటు కూడా లేదు. పెదాలు ఆనినచోట కొంచెం తడి మెరుపు, అంతే.

ఆమె గోడమీది పదో దీపం వైపు చూసింది. నూనె మూడు వంతులు ఉంది. ఊచ పట్టుకుని ముందుగదిలోకి నడిచింది.

ఒస్కెల్దా పేర్ల గోడ కింద చాప మీద కూర్చుని ఉంది. దోర్నమ్‌లో ఆడవాళ్ళకీ గడ్డాలు పెరుగుతాయి; తన నెరిసిన గడ్డంలో చెక్కిన రాయి పొడి ఆమె ఇంకా దులుపుకోలేదు. హార్దన్ పేరు కొత్తగా, తెల్లగా, మిగిలిన పేర్ల మధ్య పుండులా కనబడుతోంది. ఆ గోడమీద పద్నాలుగు తరాల పేర్లు ఉన్నాయి. కొత్త కోడలు వచ్చిన మొదటి ఏడాది వాటిని కింది నుంచి పైకి ఒప్పజెప్పాలి. బ్రూన్యా రెండుసార్లు తప్పింది. అత్తగారు ఆ సంగతి ఇరవై రెండేళ్ళుగా చుట్టాలందరికీ చెబుతూనే ఉంది.

"అత్తయ్యా, ఈ మైనం ఎప్పుడు పూశారు?"

"కూర్చునే ముందు పూస్తారు. ఎప్పుడు పూస్తారేమిటి? మీ అమ్మ ఆ మాత్రం నేర్పలేదా?"

"మా అమ్మ పూయడమూ నేర్పింది. కరవడమూ నేర్పింది."

ముసలామె తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న ఉలిని కొంగుతో తుడుస్తోంది. ఎప్పుడో శుభ్రమైపోయిన ఉలి అది.

"కడిగి లోపల పెట్టు. మొగుడు పోయిన పూట గిన్నెల లెక్కలూ మైనం లెక్కలూ ఎవరూ అడగరు."

"దీని మీద పంటిగాటు లేదు."

"నాది మెత్తటి పట్టు. అందరూ మీ పుట్టింటివాళ్ళలా కుక్క ఎముక కొరికినట్టు కొరకరు."

ఇంకో రోజైతే బ్రూన్యా ఆ మాటకి లోపలికి వెళ్ళిపోయి పిండి మీద కసి తీర్చుకునేది. ఇవాళ వెళ్ళలేదు. చాప మీద ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. ఆమె గడ్డం జడలు పొద్దుటే విప్పేసుకుంది, బూడిద రాసుకుంది. ఆ బూడిద రాలి ఇద్దరి మధ్యా పడుతోంది.

"నోరు తెరవండి అత్తయ్యా."

"ఏంటీ?"

"ఒక్కసారి తెరవండి. చూస్తాను."

"నేనేమన్నా సంతలో మేకనా, పళ్ళు చూసి బేరమాడ్డానికి? లే అవతలకి. పేరు చెక్కిన చేత్తో నిన్ను కొట్టే గతి పట్టించకు నాకు."

"కొట్టండి. కొట్టి తెరవండి."

ఇరవై రెండేళ్ళుగా ఆ గడ్డాన్ని దువ్వి, నూనె రాసి, మూడు పాయలుగా అల్లింది బ్రూన్యాయే. కానీ మూతి మీది వెంట్రుకల జోలికి మాత్రం అత్తగారు ఆమెను రానిచ్చేది కాదు. "అక్కడ నీ చెయ్యి బరువు" అని తనే దువ్వుకునేది. ఎప్పటినుంచి? బ్రూన్యా గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. మొదట్లో అలా లేదు. ఏడేళ్ళ క్రితం మామగారు పోయినప్పటినుంచి.

ఆమె చెయ్యి చాచి ఆ తెల్ల వెంట్రుకలను రెండు వేళ్ళతో పక్కకి తీసింది. ముసలామె చెయ్యెత్తింది. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, మళ్ళీ ఒళ్ళో పడింది. నోరు తెరిచింది.

పైన వరసంతా ఎముక పళ్ళు. మేక ఎముక. సన్నటి వెండి తీగతో ఒకదానికొకటి కట్టి, అంగిట్లో ఇరికించినవి. కింద కూడా అంతే. వెనకాల ఎక్కడో ఒక్క నల్లటి దంతం మాత్రం సొంతది.

బ్రూన్యా చేతిలోంచి వెంట్రుకలు జారిపోయాయి. మొదట ఆమెకు హార్దన్ గుర్తుకు రాలేదు. రొట్టె గుర్తొచ్చింది.

ఏడేళ్ళుగా తిట్లు తిన్న రొట్టె. "ఇది రొట్టె కాదే, ఇటుక. దీంతో ఇల్లు కట్టుకో." పంక్తిలో పదిమంది ముందు ఆ ముక్క తీసి బల్లమీద టకటకా కొట్టి చూపించేది. తర్వాత ఎముకల పులుసులో ముంచి, నానబెట్టి, గుజ్జు చేసి మింగేది. బ్రూన్యా పిండిలో కొవ్వు ఎక్కువ కలిపి చూసింది. మర మార్చింది. ఒకసారి పక్కింటి సిగ్వెల్ చేసిన రొట్టె తెచ్చి తనదని పెట్టింది. దానికీ అదే మాట. హార్దన్ మాత్రం తల్లి అటు తిరిగినప్పుడు, "నాకు గట్టిగా ఉంటేనే ఇష్టం" అని పెద్ద ముక్క విరుచుకుని, కరకరా నమిలేవాడు.

"ఏడేళ్ళు నా రొట్టెని తిట్టారు" అంది బ్రూన్యా.

"తిట్టాను."

"నా రొట్టెకేం?"

"ఏం లేదు. బాగుంటుంది." ముసలామె మూతి మూసుకుంది. "వాసన బాగుంటుంది."

బయట వరసలో ఎవరో బండి తోసుకుపోయారు. చక్రాల అదురు నేలలోంచి వచ్చి ఇద్దరి మోకాళ్ళకీ తగిలింది.

"హార్దన్ కొట్టాడా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు. ఎముక పళ్ళకి కొండ మాట ఎక్కదు. కరిస్తే ఊడిపోతాయి. పెదాలతో పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిది దీపాలూ కళ్ళు మూసుకుని కూర్చున్నాను."

"అందరి ముందూ రాయి మూగదన్నారు!"

"అన్నాను."

"కన్నకొడుకు కదా..." బ్రూన్యా గొంతు పెద్దదైంది. ఆ వరసలో రహస్యాలు కూడా అరుస్తూనే చెప్పుకోవాలి, లేకపోతే ఎదుటివాళ్ళకి వినబడదు. కానీ ఈ అరుపు వేరు. "ఆ ఊచ నాకిచ్చుంటే ఏం పోయేది? నాకు పళ్ళున్నాయి! ముప్ఫై రెండూ ఉన్నాయి! వంటింట్లో పెత్తనం పోతుందనా? పంక్తిలో మొదటి విస్తరి నాకు వేస్తారనా?"

ఆ మాట ఉత్తదేం కాదు. దోర్నమ్‌లో ఊచ ఎవరిదైతే ఇల్లు వాళ్ళది. పిండి గదికి ఎప్పుడు తాళం వెయ్యాలో, ఎవరి పెళ్ళి ఎప్పుడు చెయ్యాలో ఊచ చెబుతుంది. పెద్దావిడ తన చేత్తో కోడలి మెడలో ఊచ తాడు వేసేదాకా కోడలు ఎంత వయసొచ్చినా కోడలే. ఊచ దొంగతనంగా తీసుకుని విన్నా ఆ మాట కొలువులో చెల్లదు.

"పెత్తనం అనుకో" అంది ఒస్కెల్దా. "అలా అనుకుంటేనే నాకూ తేలిక."

"నాకు తేలిక మాటలు వద్దు. నూనె తగ్గిపోతోంది. పళ్ళు ఎప్పుడు ఊడిపోయాయి?"

"ఊడలేదు."

"మరి?"

"పీకించుకున్నాను. దక్షిణ ద్వారం దగ్గరికి తగరం అమ్ముకునేవాడు ఒకడొచ్చేవాడు, కొండ బయటి పైనాడు వాడు. వాడి దగ్గర పటకారు ఉంది. ఒక్కొక్కటీ పీకించుకున్నాను, నాలుగు సంతల్లో. చివరిసారి ఈ ఎముకవి పెట్టించుకున్నాను."

బ్రూన్యాకి ఆ నాలుగు సంతలు గుర్తున్నాయి. ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చి, చలిగాలి తగిలిందని మూడేసి రోజులు పడుకునేది. పులుసు కాచి పోసింది తనే.

"మీ మామగారి అప్పుడు" అని మొదలుపెట్టింది ముసలామె. ఆగింది. ఉలి మొన మీద బొటనవేలు పెట్టి నొక్కుకుంటూ మాట్లాడింది.

"ఆరో సొరంగం. ఆయన కొట్టారు. మన ఇంటి దెబ్బ, రెండు, ఆగి, ఒకటి. రాయి పలికిందన్నాను. ఇంకో తొమ్మిది దీపాలు ఇచ్చారు. తవ్వారు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ పలికిందన్నాను. ఆ రెండో విడతలో పైనుంచి ఇంకో పెళ్ళ విరిగి తవ్వేవాళ్ళలో ఇద్దరు పోయారు. నీకు తెలుసుగా, ఓల్వెర్ కొడుకులు. మిగిలింది ఆరుగురు. పద్దెనిమిది దీపాల నుంచి నిద్ర లేదు, చేతులు పచ్చి మాంసం. ఆ ఆరుగురిలో నీ మొగుడున్నాడు."

బ్రూన్యా ఊచను చాప మీద పెట్టింది.

"మూడో విడత అడగడానికి వచ్చారు. ఊచ నా నోట్లో ఉంది. ఆయన కొడుతూనే ఉన్నారు. పలికిందంటే ఆ ఆరుగురూ మళ్ళీ లోపలికి పోవాలి. కాదనడానికి వీల్లేదు. నేను హార్దన్ మొహం చూశాను. వాడు గుమ్మంలో నిలబడే నిద్రపోతున్నాడు, గునపం మీద గడ్డం ఆనించి." ఆమె ఊపిరి తీసుకుంది. "మూగదన్నాను."

"మామగారు బతికుండగా పేరు చెక్కారా?"

"చెక్కాను. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఒకసారి ఊచ కరిచి చూశాను. ఉలి దెబ్బలు లోపలికి పోతున్నాయి కదా. మేం జవాబిస్తున్నాం అనుకున్నారాయన. అప్పటిదాకా నిదానంగా కొడుతున్న మనిషి హుషారుగా కొట్టడం మొదలెట్టారు. వచ్చేస్తున్నారు, దగ్గరికి వచ్చేస్తున్నారు అనుకున్నట్టు." ముసలామె మొహంలో ఏ మార్పూ లేదు. "నీళ్ళు వదిలేదాకా కొట్టారు."

బ్రూన్యాకి తెలియకుండానే చెయ్యి గోడమీదికి వెళ్ళింది. రోన్‌వార్. నాలుగు అక్షరాల పేరు. చివరి రెండు అక్షరాలు వంకరగా ఉంటాయి. ముసలితనం వల్ల చెయ్యి వణికిందని అనుకునేది ఇన్నాళ్ళూ.

"పొగ ఏడాది పాట నేర్పుతాం పిల్లలకి" అంది ఒస్కెల్దా. "కింది సొరంగాల్లో బొగ్గు అంటుకుంది, మూడువందల పన్నెండు మంది లోపలుండిపోయారు, తొమ్మిది దీపాలయ్యాక వాళ్ళే తట్టడం ఆపి, రాజ్యాన్ని కాపాడుకోమని ప్రాణాలిచ్చారు, ఆల్దెమర్ రాజు ఏడుస్తూ తూము తెరిచాడు. అంతేగా పాట?"

"అంతే."

"మా నాయనమ్మ అప్పుడు విన్న ఆడవాళ్ళలో ఒకతె. వాళ్ళు ఆపలేదు. ఇరవై ఏడు దీపాలు కొట్టారు. నగరంలో ప్రతి ఇంటి వంటింట్లో ఒక ఆడది ఊచ కరుచుకుని ఏడుస్తోంది. పొయ్యి వెలిగించేవాళ్ళు లేరు. కొలిమి దగ్గర నిలబడేవాళ్ళు లేరు. అప్పుడు రాజు ఊచలున్న ఆడవాళ్ళందర్నీ పెద్ద చావడికి పిలిచి ఒక్కటే అడిగాడు, రాయి మూగదని మీ నోటితో అనండి, లేకపోతే నేను తూము తెరవలేను అని. అన్నారు. అందరూ అన్నారు. అక్కణ్ణించి వచ్చింది ఈ చట్టం. వినేది తొమ్మిది దీపాలు, ఏడ్చేది తొమ్మిది దీపాలు, తర్వాత పొయ్యి వెలిగించు. చావడి మీద బంగారంతో పొదిగారు కదా, దాన్ని దయ అంటారు. దయే. కాదన్ను. ఎవరి మీద దయ అన్నది మాత్రం ఊచ అందుకున్న ఆడదానికే చెబుతారు, చెవి దగ్గర, తాడు మెడలో వేసే రోజు."

"నాకు చెప్పొచ్చుగా."

"నీ మెడలో వెయ్యాలనే అనుకున్నాను, మీ మామగారి తొమ్మిది దీపాల ఏడుపూ అయ్యాక. తాడు చేతిలో పట్టుకుని వంటింట్లోకి వచ్చాను. నువ్వు పిండి పిసుకుతూ ఏదో కూనిరాగం తీస్తున్నావు. ఆ నోట్లో దీన్ని పెట్టడమా అనిపించింది." ఒస్కెల్దా మొదటిసారి కోడలి కళ్ళలోకి చూసింది. "అది మంచితనం అని చెప్పడంలేదు. పళ్ళు లేకపోతే వినక్కర్లేదు, ఊచ దగ్గరుంటే ఎవరికీ ఇవ్వక్కర్లేదు. అంతే ఆలోచించాను. మన వరసలో ఇక ఎవరూ రాళ్ళ కింద చిక్కుకోరని అనుకున్నాను కాబోలు."

బ్రూన్యాకి అప్పుడు అర్థమైంది.

ఈ ఏడేళ్ళలో రాగి వరసలో పేర్లు చెక్కింది ఒక్క ఈ ఇంటి కోసమే కాదు. ఒకప్పుడు ఒస్కెల్దా పలికిందన్న మాట మీద ముగ్గురు బతికి బయటపడ్డారు. అందుకని ఇంట్లో పెద్దదిక్కు లేనివాళ్ళు, ఉన్నా చాలనివాళ్ళు ఆమెనే పిలిచేవారు. ఆమె ముసుగేసుకుని, ఊచ చంకలో పెట్టుకుని వెళ్ళేది. ప్రతిసారీ అదే మాట. రాయి మూగది.

"నలుగురు" అంది బ్రూన్యా. "మీరు నలుగురికి కూర్చున్నారు."

"హార్దన్‌తో అయిదుగురు."

"సిగ్వెల్ కొడుకు ఎయిర్న్..."

"పందొమ్మిదేళ్ళు వాడికి" అంది ముసలామె. "వాళ్ళ వంటింట్లో కూర్చుంటే ఆ సిగ్వెల్ నాకు మోకాళ్ళ కింద వెచ్చటి రాళ్ళు పెట్టింది, నొప్పి పుడతాయని."

గోడమీద దీపం చిటపటలాడింది. బ్రూన్యా లేచి చూసింది. సగం గీతకి ఇంకా రెండు వేళ్ళ దూరం ఉంది.

"లేవండి. తాడు నా మెడలో వెయ్యండి. నేను వింటాను."

"విని?"

"విని ఏమిటి? కొడుతుంటే తూము ఆపిస్తాం."

"తూము నీ మాట మీద ఆగదు. రాయి మూగదని అన్న నోరే పలికిందని మార్చి చెప్పాలి. తూము కాపరి మొహంలో మొహం పెట్టి చెప్పాలి. ఎందుకు మార్చావంటే పళ్ళు చూపించాలి. పళ్ళు చూపిస్తే ఆ నలుగురి సంగతీ వస్తుంది." ఒస్కెల్దా గోడ వైపు చెయ్యి చూపింది. "అబద్ధం చెప్పిన ఊచని కరగబోస్తారు. గోడకి సున్నం కొడతారు. పద్నాలుగు తరాలు, ఒక్క పేరు కనబడదు. మనల్ని ద్వారం బయట వదిలేస్తారు. ఆకాశం కింద. నువ్వెప్పుడైనా చూశావా దాన్ని? పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఈ మూడు రోజులూ నా కొడుకుని తల్చుకోలేదనుకున్నావా? నోరు తెరుద్దామనుకున్న ప్రతిసారీ ఆ సున్నమే కనబడింది."

"కొడుకు కంటే గోడ ఎక్కువైందా?"

"అయింది" అంది ముసలామె. "అదే చెబుతున్నాను. అయింది."

బ్రూన్యా ముందుకి వంగింది. అత్తగారి మెడలోంచి ఊచ తాడును తనే తీసింది. ముసలామె తల వంచింది. అడ్డుపడలేదు, సాయమూ చెయ్యలేదు. తాడు జడలో చిక్కుకుంటే మాత్రం, "అలా లాగకు, తెగుతుంది" అని తన చేత్తో విడదీసి, ఒక్క క్షణం అలాగే పట్టుకుని, కోడలి మెడలో వేసింది. చెవి దగ్గర చెప్పాల్సిన మాట చెప్పలేదు. అది ఇందాకే చెప్పేసింది.

వంటింట్లో వెనకగోడ చిల్లుకి ఇత్తడి అంచు ఉంది. పద్నాలుగు తరాల ఆడవాళ్ళ ఊచ రాపిడికి అది ఒకవైపు అరిగిపోయింది. బ్రూన్యా ఊచ దూర్చింది, మూలరాయి తగిలేదాకా. నున్నటి మైనం మీద పళ్ళు దింపి, కళ్ళు మూసుకుని, దవడ బిగించింది.

మొదట తన నెత్తురు వినిపించింది. తర్వాత నగరం. పైవరస కొలిముల్లో పెద్ద సుత్తులు. ఎక్కడో బార్లీ దంచుతున్న రోకలి. మర. కొండ పొట్టలో అడుగున, తూము వెనకాల నిండుగా ఉన్న నీళ్ళు, నిద్రపోతున్న పశువులా బరువుగా కదులుతూ. వీటన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకి తోసింది, పిండిలోంచి పురుగులు ఏరినట్టు. పంటి మొదళ్ళు పోటెత్తాయి. ఏమీ లేదు.

ఇంకా బిగించింది. మైనం చిట్లి నాలుక మీద ఇనుము రుచి తగిలింది.

రెండు. ఆగి, ఒకటి.

అది చప్పుడు కాదు. కింది దవడలో ఎవరో గోరుతో తట్టినట్టు. చాలా దూరం. ఆమె ఊపిరి ఆపింది. కాసేపు ఏమీ రాకపోయేసరికి ఊహేమో అనుకుంది. మళ్ళీ వచ్చింది. రెండు. ఈసారి ఎక్కువసేపు ఆగి, ఒకటి. చెయ్యి అలిసిపోయిన మనిషి దెబ్బ.

గోడమీద పేరు ఎక్కినవాడికి జవాబివ్వకూడదన్నది ఆచారం. బ్రూన్యా పక్కనే ఉన్న పచ్చడి బండ తీసుకుని ఊచ మీద కొట్టింది. రెండు. ఆగి, ఒకటి.

వెంటనే, ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు, పిచ్చి ఆనందంతో దెబ్బలు వచ్చాయి.

ఆమె ఊచ వదిలి వెనక్కి తిరిగింది. నోట్లో నెత్తురు. అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కోడలి మొహం చూసింది. ఏడేళ్ళ క్రితం ఆ మొహం తనదే.

"హుషారుగా కొడుతున్నాడా?" అంది ఒస్కెల్దా.

బ్రూన్యా తల ఊపింది.

ముసలామె గూట్లోంచి ఉన్ని ముసుగు తీసి కప్పుకుంది. గడ్డంలో రాయి పొడి దులుపుకుంది. బయటికి వెళ్ళేముందు ఎప్పుడూ చేసినట్టే పొయ్యి ఆరిందో లేదో ఒంగి చూసింది. తర్వాత నోట్లో వేలు పెట్టి వెండి తీగ లాగింది. పై వరస, కింది వరస రెండూ తీసి ఎసరు గిన్నె పక్కన పెట్టింది. ఆమె చెంపలు లోపలికి పోయాయి. ఒక్క క్షణంలో ఇరవై ఏళ్ళు మీద పడ్డట్టయింది.

"ఫద" అంది. "ప" నోట్లో నిలవలేదు. "ఇలాగే ఛూఫిత్తాను."

బ్రూన్యా ఆమె చెయ్యి పట్టుకుంది. పెళ్ళినాడు తప్ప ఎప్పుడూ పట్టుకోలేదు. ఇద్దరూ ముందుగది దాటారు. బ్రూన్యా గడియ తీసి తలుపు లాగింది.

తలుపు అవతల సిగ్వెల్ నిలబడి ఉంది.

చావింటికి పక్కింటివాళ్ళు ఇచ్చే బూడిద రొట్టె ఆమె చేతుల్లో ఉంది. వేడివేడిగా తెచ్చి ఇవ్వాలి దాన్ని. దాని మీద ఆవిరి లేదు. చల్లారిపోయి, పైన పొర కట్టేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. తూముకి వెళ్ళే దారిలో ఇచ్చి పోదామని వచ్చినట్టుంది. నడుముకి తూము చక్రం తాళంచెవి వేలాడుతోంది, మూరెడు ఇనుప తాళంచెవి. మూడు తరాలుగా తూము కాపరి పని వాళ్ళింటిదే.

సిగ్వెల్ ఒస్కెల్దా నోటి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మావాడు కొట్టాడా, పెద్దమ్మా?"

ముసలామె పెదాలు కదిలాయి. అబద్ధం చెప్పడానికి ఇప్పుడు పళ్ళు కూడా లేవు.

"తెలీదు తల్లీ."

"కొట్టలేదన్నా బాగుండేది" అంది సిగ్వెల్. "కొట్టాడన్నా బాగుండేది."

ఆమె వంగి రొట్టెను గడప మీద పెట్టింది, జాగ్రత్తగా, నేల మట్టి అంటకుండా కింద గుడ్డ సర్ది. లేచి బ్రూన్యా వైపు తిరిగింది.

"మీ ఆయన?"

"కొడుతున్నాడు సిగ్వెల్. ఇప్పుడే విన్నాను. జవాబిచ్చాను, మళ్ళీ కొట్టాడు. మా అత్తయ్య చెబుతుంది, తన నోటితోనే చెబుతుంది. చెప్పండి అత్తయ్యా, చెప్పండి!"

"రాయి ఫలికింది" అంది ఒస్కెల్దా.

సిగ్వెల్ ఆ మాట విన్నట్టు కనబడలేదు. నడుము దగ్గర తాళం మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు సెలవు తీసుకోమన్నారు నన్ను" అంది, ఏదో పాత సంగతి చెబుతున్నట్టు. "తూము వేరేవాళ్ళు తెరుస్తారులే అన్నారు. నేనే ఒప్పుకోలేదు. నా బిడ్డ మీదికి వెళ్ళే నీళ్ళు పరాయిచేత్తో ఎందుకు వదలాలి అన్నాను. పదిహేడు తిప్పులు. చక్రం నేనే తిప్పాను, పెద్దమ్మా. మీరు మూగదన్నారని తిప్పాను."

ఆమె తాళం బెల్టులోంచి విప్పి పిడికిట్లో పట్టుకుంది. వెనక్కి తిరిగి వరస పొడుగునా నడవడం మొదలుపెట్టింది. పరిగెత్తలేదు, ఆగలేదు.

"సిగ్వెల్!" బ్రూన్యా అరిచింది. "సిగ్వెల్, ఎటు?"

వరస చివర దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు తవ్వేవాళ్ళ చావడి. కుడివైపు తూము గది. లోపల గోడమీద దీపంలో నూనె సగం గీతను తాకింది. సిగ్వెల్ చీలిక దగ్గరికి చేరి, ఇనుప తాళాన్ని గుండెకి ఆనించుకుని, కుడివైపు తిరిగింది.